సైకిలు గంటలు ఆపమన్నవాడే మోగించమని పెట్టుకున్న అర్జీ

రోడ్లు, వంతెనల శాఖాధికారి గారి సముఖమునకు

అయ్యా,

మా చిన్నమ్మాయి ఈరోజు సైకిలు మీద పనికి వెళ్ళింది! వెళ్ళడమే కాదు, సాయంత్రం నాలుగూ నలభైకి తిరిగి వచ్చింది కూడా. పాత వంతెన మీదుగానే వెళ్ళింది, పాత వంతెన మీదుగానే వచ్చింది. చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వస్తూనే "అమ్మా, ఆకలి" అంది. మూడేళ్ళయింది అయ్యా, ఆ పిల్ల నోట ఆ మాట విని.

క్షమించవలెను. ముందు విషయం రాసి తర్వాత సంగతులు రాయాలని తెలుసు. ఆనందంలో వరస తప్పింది. ఇంకో కాగితం మీద తిరగరాద్దామంటే చెయ్యి ఆగడం లేదు.

విషయం: పాత వంతెన దారిలో ఉదయం ఎనిమిదికి ముందు సైకిలు గంటలు మోగించరాదని తమరు జారీ చేసిన ఉత్తర్వును రద్దుచేయుట గురించి, మరియు ఈ ఉదయం జప్తు చేసిన ఒక ఇత్తడి గంటను తిరిగి ఇప్పించుట గురించి.

సూచిక: సదరు గంటల విషయమై ఇదే అర్జీదారుడు పెట్టుకున్న అర్జీలు, వెరసి ఏడు.

అవునండీ. ఆ ఏడూ పెట్టినవాణ్ణి నేనే. తమరు కళ్ళజోడు సవరించుకోనక్కరలేదు. సరిగానే చదివారు.

1. ముందుగా నన్ను గురించి. నేను ఒక ప్రభుత్వ భవనంలో ముప్పై ఒక్క సంవత్సరములు లిఫ్టు నడిపి పదవీ విరమణ చేసిన వాడను. చదివింది ఏడో తరగతి. రోజూ ఎక్కింది తొమ్మిదో అంతస్తు. "సదరు", "పైన ఉదహరించిన", "తగు చర్య నిమిత్తం" వగైరా మాటలన్నీ లిఫ్టులో గుమాస్తాల నోట విని నేర్చుకున్నవే. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య విన్నవి గనుక కొన్ని సగం సగమే వచ్చు. ఎక్కడైనా వాక్యం మధ్యలో తలుపు తెరుచుకున్నట్టు అనిపిస్తే మన్నించవలెను. నివాసము మూడో మలుపు, రెండో అంతస్తు, వీధివైపు కిటికీ. ఇంట్లో నేను, నా భార్య, చిన్నమ్మాయి. పెద్దమ్మాయి, అబ్బాయి వేరే ఊళ్ళలో కాపురాలు.

2. సైకిలు రైలు గురించి. చలికాలం వచ్చిందంటే మా వీధిలో పొగమంచు ఎలా దిగుతుందంటే, ఎదుటి మనిషి మాట వినిపిస్తుంది కాని మనిషి కనిపించడు. అవతలి ఒడ్డున పనులకు పోయేవాళ్ళు విడివిడిగా పోయి వంతెన మీద ఒకరినొకరు గుద్దుకుంటున్నారని కొన్నేళ్ళ కిందట వాళ్ళలో వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. అందరూ ఒకే వరసలో, ముందువాడి వెనక దీపం చూసుకుంటూ పోతారు. ముందు పోయేది రొట్టెల బట్టీలో పనిచేసే పెద్దావిడ. అందరూ ఇంజనమ్మ అంటారు. చిట్టచివర వచ్చేది లెక్కల మాస్టారు, ఆయన గార్డు. ప్రతి మలుపులోనూ రైలు ఆగుతుంది. ఎక్కవలసినవాళ్ళు ఎవరి సైకిలు వాళ్ళెక్కి వరసలో చేరతారు. అందరిలోకీ ఎవరు నెమ్మదో వాళ్ళ వేగమే రైలు వేగం. ఇంజనమ్మను దాటి ముందుకు పోయినవాడికి మర్నాడు చోటుండదు.

కదిలే ముందు లెక్క ఉంటుంది. పొగమంచులో తలలు కనపడవు గనుక గంటలు లెక్కపెడతారు. ఇంజనమ్మ ఒకసారి మోగిస్తుంది, తర్వాతివాళ్ళు ఒకసారి, ఆ తర్వాతివాళ్ళు ఒకసారి, అలా వరసంతా పాకి ఆఖరున మాస్టారి దగ్గరికి చేరుతుంది. లెక్క సరిపోతే ఆయన తన గంట మోగించి "సరి!" అని కేకేస్తారు. అప్పుడు కదులుతుంది. ఒక్క గంట తగ్గినా కదలదు. వంతెన నడిమధ్యన మళ్ళీ ఒకసారి ఇదే లెక్క. మొత్తం ఇరవై మూడు గంటలు.

సదరు లెక్క మా కిటికీ కింద ప్రతి ఉదయం ఆరుంబావుకు జరుగును.

3. నా అర్జీల గురించి. గంటల వల్ల వృద్ధుడనైన నాకు నిద్రాభంగం కలుగుచున్నదని రాశాను. మొదటిదానికి "అందినది" అని జవాబు వచ్చింది. రెండోదానికి "పరిశీలనలో ఉన్నది". మూడోదానికి "ఏ గంటయో వివరింపుము" అన్నారు. నాలుగో అర్జీలో ఇరవై మూడింటినీ వివరించాను. ఒకటి చెంచా జారిపడినట్టు, ఒకటి పిచ్చుక తుమ్మినట్టు, ఇలా. అయిదోదానికి ఉత్తర్వే వచ్చేసింది. దీపస్తంభానికి కట్టి వెళ్ళారు తమ మనుషులు.

అయ్యా, నా జన్మలో అర్జీ పెడితే పని జరగడం అదే మొదలు. లిఫ్టులో కూర్చోవడానికి ఒక ముక్కాలిపీట ఇప్పించమని పదకొండేళ్ళు పెట్టుకున్నాను; పదవీ విరమణ చేశాక వచ్చిందట, ఇప్పుడు నా తర్వాతివాడు దాని మీద భోజనం డబ్బా పెట్టుకుంటున్నాడు. అటువంటి నాకు ఉత్తర్వు వచ్చేసరికి కళ్ళు తిరిగాయి. కృతజ్ఞతలు తెలుపుకుంటూ ఆరోది రాశాను. ఇంతలో రైలువాళ్ళు గంటలు మానేసి దగ్గడం మొదలుపెట్టారు. ఇంజనమ్మ ఒక దగ్గు, తర్వాతివాళ్ళు ఒక దగ్గు. అది మరీ దారుణంగా ఉంది. దాని మీద ఏడోది పెట్టాను. "దగ్గు ఈ శాఖ పరిధిలోనికి రాదు, తగు చర్య నిమిత్తం ఆరోగ్య శాఖకు పంపడమైనది" అని తమరు సెలవిచ్చారు.

మా ఆవిడ ఆ జవాబు చదివి, "ఇక మిగిలింది వాళ్ళ ఊపిరి. దాని మీద కూడా ఒకటి పెట్టండి, పీడా పోతుంది" అంది.

4. ఇప్పుడు నిజం రాస్తున్నాను. నిద్రాభంగం అన్నది అబద్ధం. నాకు నాలుగింటికే మెలకువ వస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు. అసలు సంగతి మా చిన్నమ్మాయి.

ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. అవతలి ఒడ్డున కళ్ళజోళ్ళ అద్దాలు సానపట్టే కార్ఖానాలో పని. అద్దాన్ని వెలుతురుకి ఎత్తి ఒక కన్ను మూసి నంబరు చెప్పేసేది. మిషను తర్వాత చెప్పేది అదే నంబరు. ఈ అర్జీ రాస్తున్న కళ్ళజోడు ఆమె చేసిందే. మూడు చలికాలాల కిందట, రైలు వరసలో పోతూ, వంతెన మధ్యన జారిపడింది. మోకాలు. రెండు ఆపరేషన్లు. ఏడాది తర్వాత డాక్టరు గారు "నడవొచ్చు, తొక్కొచ్చు, పరిగెత్తొచ్చు" అన్నారు. కాలు ఒప్పుకుంది. మనిషి ఒప్పుకోలేదు. వంతెన మాటెత్తితే వేళ్ళు చల్లబడేవి. బస్సు పెద్ద వంతెన మీద చుట్టు తిరిగి పోతుంది, అదీ ఎక్కలేదు. మొదటి ఏడు వంతెన మానేసింది, రెండో ఏడు వీధి మానేసింది, మూడో ఏడు కిటికీ దగ్గరికి రావడం మానేసింది. కార్ఖానా ముసలాయన మంచివాడు. అద్దాలు ఇంటికి పంపిస్తే తుడిచి, నంబరు వారీగా కవర్లలో పెట్టి తిప్పి పంపేది. అంతే పని. అంతే ప్రపంచం.

ఆ పరిస్థితిలో రోజూ కిటికీ కింద గంటలు. మొదటి గంట వినగానే గోడ అవతల గదిలో మంచం కిర్రుమనేది. లేచి కూర్చునేది. రైలు వెళ్ళిపోయాక మళ్ళీ కిర్రుమనేది. పడుకునేది. అయ్యా, తండ్రినైనవాడు ఆ రెండు కిర్రుల మధ్య ఎలా ఉండగలడు? ఒక్కో గంటా నా బిడ్డను ఒక్కో పోటు పొడుస్తున్నదనుకున్నాను. బిడ్డకు పట్టిన భయాన్ని ఆపే శాఖ ఏ అంతస్తులో ఉందో నాకు తెలియదు. గంటలు ఆపే శాఖ తమరిది. అందుకని తమరికి రాశాను.

5. ఉత్తర్వు ఫలితం గురించి. ఉత్తర్వు కట్టిన మర్నాడు ఆరుంబావు అయింది. కింద చక్రాల చప్పుడే గాని గంటల్లేవు. గోడ అవతల మంచం కిర్రుమంది. రెండో కిర్రు కోసం చూస్తున్నాను. రాలేదు. తలుపు తీసుకుని అమ్మాయే వచ్చింది.

"నాన్నా, గంటలేవి?"

"ఆపేశారమ్మా. హాయిగా పడుకో."

"ఎవరాపారు?"

"పైవాళ్ళు."

"మరి లెక్కెలా?"

"ఏ లెక్క?"

"ఇరవై మూడు నాన్నా! నిన్న ఇరవై రెండే వచ్చాయి. పోస్టాఫీసు అక్కయ్యది మోగలేదు. ఆ గంటకి బిళ్ళ వదులు, నాకు తెలుసు. జ్వరమేమో అనుకున్నాను. ఇవాళ వచ్చిందో లేదో ఇప్పుడెలా తెలుస్తుంది?"

అప్పుడు మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఉందే, తమరి శాఖలో ఎవరికీ అటువంటి చూపు తగలకుండుగాక.

మూడు చలికాలాలు అయ్యా! నా బిడ్డ ఆ గంటలకు భయపడి లేచి కూర్చోలేదు. లెక్కపెట్టడానికి కూర్చుంది. అందరూ వచ్చారో లేదో చూసుకుని పడుకునేది. నేను అర్జీ మీద అర్జీ పెట్టి ఆ ఒక్క దారమూ తెంపేశాను. ఇంత తెలిశాక కూడా, చేసిన తప్పు ఒప్పుకోలేక, దగ్గుల మీద ఆ ఏడోది పెట్టాను.

6. అయితే ఆ దారం తెగడం వల్లనే ఆమె కిటికీ తెరిచింది. దగ్గుల్లో ఎవరు ఎవరో పోల్చుకోలేక వారం రోజులు కిటికీలోంచి వంగి చూసింది. పొగమంచులో ఏమీ కనపడక, తొమ్మిదో రోజు శాలువా కప్పుకుని మెట్లు దిగింది. మెట్లు దిగిన చప్పుడు నేను మెట్టు మెట్టుకీ లెక్కపెట్టాను, ముప్పై నాలుగు. కింద నిలబడి ఒక్కో సైకిలు క్యారియరూ చేత్తో తట్టి లెక్కపెట్టి, "ఇరవై మూడు మాస్టారూ" అంది. మాస్టారు "సరి!" అన్నారు. మర్నాడూ దిగింది. ఆ మర్నాడూ.

మొన్న ఇంజనమ్మ బ్రేకు వేసి అంది: "నేల మీద నిలబడి లెక్కపెట్టడమేంటే పిల్లా? రైలు లెక్క రైలెక్కి పెట్టాలి. నీ సైకిలేదీ, పాత సామాన్లవాడికి వేసేశారా?"

"బీరువా వెనకుంది."

"బీరువాకెందుకే సైకిలు? అదెక్కడికి పోవాలని?"

కావున, ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తమరి ఉత్తర్వు వల్ల మా అమ్మాయి బయటికి వచ్చినది. అందుకు తమరికి మా కుటుంబము ఋణపడి ఉన్నది. సదరు ఉత్తర్వు తన పని తాను పూర్తిగా నెరవేర్చినది. కనుక ఇక రద్దు చేయవలెను.

8. ఏడో అంశం వేయడం మరిచాను. పైన దిద్దితే కొట్టివేతలుంటాయి. తమరి కార్యాలయంలో కొట్టివేతలున్న అర్జీ తీసుకోరని మా లిఫ్టులో అనుకునేవారు. ఏడోదాని చోట ఇంకో తప్పు ఒప్పుకుంటాను. నిన్న సాయంత్రం ఆమె సైకిలు బీరువా వెనకనుంచి తీసి, మా ఆవిడ తడిగుడ్డతో తుడిచి మెట్ల కింద పెట్టింది. నేను అందరి కన్నూ కప్పి కిందకి దిగి టైరు దగ్గర కూర్చున్నాను. గాలి తీసేద్దామని. వాల్వు మూత విప్పాను కూడా. గాలి లేకపోతే రేపు ఆగుతుంది, రేపు ఆగితే ఎల్లుండికి మనసు మారుతుంది, పడటం అంటూ ఉండదు.

వెనక మా ఆవిడ: "ఏం చేస్తున్నారక్కడ?"

"గాలి చూస్తున్నాను."

"గాలి కంటికి కనిపిస్తుందా?"

ఆవిడ పక్కనే చతికిలబడింది. "నాకూ భయమేనండీ. మూత పెట్టేయండి" అంది. పెట్టేశాను.

9. ఈ ఉదయం జరిగినది. ఇది ఆరోపణ కాదు, వాంగ్మూలం అనుకోండి.

అమ్మాయి వరసలో చివరినుంచి రెండోదిగా చేరింది. ఆమె వెనక మాస్టారు ఒక్కరే. ఇరవై నాలుగు దగ్గులు రావలసిన చోట ముప్పైకి పైగా వచ్చాయి. చలికాలం కదా, నిజంగా దగ్గేవాళ్ళూ ఉన్నారు. మాస్టారు పాపం, "సుమారుగా సరి" అన్నారు. లెక్కల మాస్టారి చేత సుమారుగా అనిపించిన పాపం నాది, తమరిది.

రైలు కదిలింది. నేను చెప్పులు కాళ్ళకు దూర్చుకుని, మఫ్లరు చుట్టుకుని వెనకాలే నడిచాను. మా వీధి చివరే వంతెన. నేను వంతెన మొదట్లోకి వచ్చేసరికి ఒక్క దీపమూ కనపడలేదు. తెల్లటి గోడ. చెవులే కళ్ళు చేసుకుని నిలబడ్డాను. మధ్యకు వెళ్ళాక రైలు ఆగింది. దగ్గులు మొదలయ్యాయి. కింద నది మీద గాలి, సగం దగ్గులు అదే మింగేసింది. ఇంజనమ్మ లెక్క అయిందనుకుని కదిలిపోయింది. చక్రాల చప్పుడు దూరమైపోయింది. ఇద్దరి మాటలు మాత్రం మిగిలాయి. పొగమంచులో మాట ఎంత దగ్గరగా వినిపిస్తుందో తమరికి తెలియదేమో.

"మాస్టారూ, ఇదే చోటు. నా వల్ల కాదు."

"కాకపోతే ఆగుదాం."

"వాళ్ళు వెళ్ళిపోయారు."

"వెళ్ళలేదమ్మా. కనపడటం లేదు, అంతే."

"మీకెలా తెలుసు?"

మాస్టారు గంట మోగించారు. ఒక్కసారి.

ఉత్తర్వు సంఖ్య వగైరా నాకప్పుడు గుర్తుకు రాలేదు. ఊపిరి తీసుకోవడం కూడా గుర్తుకు రాలేదు.

చాలా దూరంగా, అవతలి ఒడ్డు దగ్గర్నుంచి కాబోలు, ఇంజనమ్మ గంట పలికింది. దాని వెనక చెంచా జారినట్టుండే గంట. దాని వెనక పిచ్చుక తుమ్ము. ఒక్కొక్కటే, ఒక్కొక్కటే, వంతెన పొడుగునా మా వైపు నడిచి వస్తున్నాయి. పోస్టాఫీసు అక్కయ్యది, బిళ్ళ వదులుది, అది కూడా. నాలుగో అర్జీ పుణ్యమా అని అన్నీ నాకు తెలుసు అయ్యా! మాస్టారిదితో కలిపి ఇరవై మూడు. ఆగిపోయింది. నేను రెయిలింగు పట్టుకున్నాను.

అప్పుడు ఇంకొకటి మోగింది. తుప్పు పట్టిన గంట. ‘టింగ్’ అనవలసింది ‘టిర్ర్’ అంది. ఆమె పనిలో చేరిన రోజు నేనే నా చేత్తో బిగించిన గంట.

ఇరవై నాలుగు.

"సరి!" అని మాస్టారు అరిచారు. వంతెన మధ్యన ఇనుప పట్టీ ఉంది. దాని మీద చక్రం ఎక్కితే ‘ధన్’ మంటుంది. ధన్. ముందు చక్రం. ధన్. వెనక చక్రం. దాటేసింది.

నేను అక్కడే గట్టు మీద కూలబడ్డాను. వంతెన కాపలా పోలీసాయన టార్చి వేసుకుని వచ్చాడు. "ఏం పెద్దాయనా, పడ్డారా?" అన్నాడు. "లేదు బాబూ, మా అమ్మాయి పడలేదు" అన్నాను. ఆయనకేం అర్థమైందో గాని నా మఫ్లరు సరిగ్గా చుట్టి, డ్యూటీ కనుక సైకిలెక్కి గంటల వెంట పోయాడు.

10. పోయి మాస్టారిని పట్టుకున్నాడు. ఇది సాయంత్రం మాస్టారే చెప్పారు, మా ఇంట్లో టీ తాగుతూ.

"గంట కొట్టిందెవరు?" అన్నాడట పోలీసాయన.

"నేనే."

"చాలా వినిపించాయే."

"నాదొక్కటే. మిగతావి ప్రతిధ్వని."

"అన్ని ప్రతిధ్వనులా?"

"ఇరవై మూడు. రాసుకోండి, లెక్కల్లో నాకు తప్పు రాదు."

పాపం ఆయన అలాగే రాశాడు. నోటీసు నకలు జతపరచడమైనది: "ఒక గంట, ఇరవై మూడు ప్రతిధ్వనులు." మాస్టారి గంట ఊడదీసి జప్తు చేశాడు. ఇంకొక్కసారి గంట మోగితే ఈ చలికాలమంతా రైలే నిషేధమని నోటీసులో ఉన్నది.

ఇది విని అమ్మాయి టీ గ్లాసు కింద పెట్టేసింది. "వంతెన మీద లెక్క లేకపోతే వద్దులే నాన్నా. ఇవాళ వెళ్ళొచ్చానుగా, చాలు" అంది. చేతులు పట్టుకుని చూశాను. వేళ్ళు చల్లగా ఉన్నాయి. వేడి గ్లాసు పట్టుకున్న వేళ్ళు అయ్యా!

11. చివరగా నా మీద నేనే చేసుకుంటున్న ఫిర్యాదు. నా బిడ్డ జారిపడింది ఆ ఇనుప పట్టీ మీద. మంచు పడితే అది అద్దంలా అయిపోతుంది. గంటల మీద ఏడు అర్జీలు పెట్టిన నేను, ఆ పట్టీ మీద ఒక్కటంటే ఒక్కటి పెట్టలేదు. రాయబోతే ‘ఇనుప’ అన్న మాట దగ్గరే కలం మూసేసేవాణ్ణి. గంటల మీదైతే చక్కగా రాయగలిగేవాణ్ణి. తమరు కూడా నా ఏడూ చదివి, ఆ వంతెన ఎక్కి చూడలేదు. ఇద్దరం ఇద్దరమే.

కావున ప్రార్థన ఏమనగా:

గంటల ఉత్తర్వును తక్షణం రద్దు చేయవలెను. మాస్టారి గంటను రేపు ఉదయం ఆరుంబావు లోపల తిరిగి ఇప్పించవలెను. గుర్తులు: ఇత్తడి, ఎడమవైపు సొట్ట, మీట విరిగితే నల్లదారం చుట్టి ఉన్నది. మాస్టారి మీది నోటీసు కొట్టివేసి, ఎవరి మీదో ఒకరి మీద ఉండి తీరాలంటే నా పేరున మార్చవలెను. ఆ ఇనుప పట్టీ మీద గరుకు రబ్బరు వేయించవలెను. అది అయ్యేదాకా రోజూ ఇసుక చల్లడానికి నేను సిద్ధం, బొచ్చె నాదే.

ఫైలు కదలడానికి సమయం పట్టునని నాకు తెలుసు. ఫైళ్ళను ఎక్కించి దించినవాణ్ణే కదా. అయిదో అంతస్తుకు పోవలసిన ఫైలొకటి రెండు నెలలు నాతో పాటు పైకీ కిందకీ తిరిగింది. ఆఖరికి దానికి నేను నమస్కారం పెట్టేవాణ్ణి. అందుచేత రేపటికి నా ఏర్పాటు ఒకటి చేసుకున్నాను. పదవీ విరమణ రోజున పాత లిఫ్టు గంటను మా వాళ్ళు నాకు బహుమతిగా ఇచ్చారు. తమరి ఉత్తర్వు మూడుసార్లు చదివాను. అందులో సైకిలు గంటలని ఉన్నది. లిఫ్టు గంటలని లేదు. కాలినడకన పోయే వృద్ధుని గురించీ లేదు. కనుక రేపు ఆరుంబావుకు ముందే వంతెన నడిమధ్యన, ఆ ఇనుప పట్టీ పక్కన నేను నిలబడి ఉంటాను. వరసలో ఎవరు దాటితే వారికి ఒకటి చొప్పున మోగిస్తాను. ఇరవై నాలుగు. ఈ మాట అమ్మాయికి చెప్పాను. "చలి నాన్నా" అంది. వద్దు అనలేదు.

తమరికి వీలైతే వచ్చి వినవలెను. ఇట్లు సంతోషము చేతనూ, సిగ్గు చేతనూ రాసిన ఈ ఎనిమిదో అర్జీని మొదటి ఏడింటికీ పైన పెట్టి, దీనినే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మూడో మలుపు, రెండో అంతస్తు కిటికీలోని ముసలివాడు
(లిఫ్టు విభాగము, విశ్రాంత)

ఇది టపాలో వేయడం లేదు. తమరి ఇంటి గుమాస్తా చేతికి ఇప్పుడే స్వయముగా తెచ్చి ఇస్తున్నాను. తమరు భోజనానికి కూర్చోకముందే చదవవలెను.

నకళ్ళు, ఈ సంతోషవార్త తెలియవలసిన వారికి:

పెద్దమ్మాయికి. ఏడవకుండా చదవాలి, చేతకాకపోతే అల్లుడుగారి చేత చదివించుకోవాలి.

అబ్బాయికి. "చెల్లిని బలవంతంగా బస్సెక్కించెయ్యి నాన్నా" అన్నవాడు. అక్కరలేకపోయిందిరా.

మా బావమరిదికి. "ఆ పిల్ల ఇక గడప దాటదు బావా, రాసిపెట్టుకో" అన్న మహానుభావుడు. ఆయనకు రెండు నకళ్ళు, ఒకటి రాసిపెట్టుకోవడానికి.

మా తోడల్లుడుగారికి. దానికి సైకిలు తొక్కడం నేర్పింది ఆయనే, వెనక సీటు పట్టుకున్నానని చెప్పి వదిలేసి. అప్పుడు తిట్టాను. ఇప్పుడు నమస్కారం.

మా వదినగారికి. చెవుడు కనుక పెద్ద అక్షరాలతో.

మా మేనత్తకు, తొంభై ఒక్క ఏళ్ళు. చెప్పింది మర్నాటికి మరిచిపోతుంది కనుక రోజూ చెప్పాలి. రోజూ మొదటిసారి విన్నట్టే సంతోషిస్తుంది. నాకూ ఈ సాయంత్రం నుంచి అలాగే ఉంది.

మా చిన్నమ్మాయికి. గంటలు ఆపించింది నేనేనని ఈమెకు ఇంతవరకు తెలియదు గనుక, ఈ నకలు ద్వారా

ఇక్కడిదాకా రాసేసరికి వెనకే నిలబడి ఉంది.

"ఎనిమిదోదా నాన్నా?" అంది.

"నీకెలా తెలుసు?"

"జవాబులొచ్చినప్పుడల్లా తలుపు తీసి కవరు అందుకుందెవరు? కవరు మీద శాఖ పేరుంటుందిగా." కాసేపు నా భుజం మీదుగా చదివింది. ఇనుప పట్టీ గురించి రాసినచోట వేలు పెట్టి ఆగింది. వేలు నా చేతికి తగిలింది, చల్లగా లేదు.

"సరి" అంది.